శత్రువు ఇంట్లో దాచిన నిప్పు

మా షెడ్డులో మధ్యాహ్నం అన్నాలయ్యాక కథ చెప్పే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. తీసుకుని చాలా ఏళ్లయింది కాబట్టి అది నా సొంతమే అనుకున్నాను. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఎలా ఉంటుందో కొత్తగా ఒకామె పనిలోకి వచ్చేదాకా నాకు తెలియదు.

మేం దర్రీలు నేస్తాం. నేల మీద పరుచుకునే మందపాటి నూలు దర్రీలు. ఖిలా వరంగల్ చూసి తిరిగిపోయేవాళ్లు ఒక్కోసారి మా షెడ్డు ముందు ఆగి ఫోన్లతో ఫోటోలు తీసుకుంటారు. అడ్డంగా రంగు పోగు వేయడం, దాన్ని పంజాతో కొట్టి కూర్చడం, ఇదే మా పని. పంజా అంటే ఇనుప పళ్లున్న బరువైన దువ్వెన లాంటిది. పొద్దున్నుంచి షెడ్డు నిండా ఆ కొట్టుడే వినిపిస్తుంది. అన్నాలకు ఆపగానే చెవుల్లో ఒక్కసారిగా ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో ఎవరు నోరు తెరిచినా అందరూ వింటారు. ఆ సంగతి మొదట కనిపెట్టింది నేను.

చెప్పడానికి నా దగ్గర సరుకుండేది. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాతిదంతా లైబ్రరీ పెట్టిన భిక్ష. మొదట పేపర్లు చదివాను, తర్వాత వారపత్రికలు, ఆ తర్వాత అల్మారాలు ఒక్కొక్కటిగా ఖాళీ చేశాను. ఇప్పుడక్కడ కుర్చీలన్నీ పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటాయి. వాళ్ల ముందు ఒకే రకం గైడ్లు, ఒకే రకం నీళ్ల సీసాలు. వాళ్ల మధ్య నేను లావుపాటి నవల పెట్టుకుని కూర్చుంటే వింతగా చూస్తారు. చూడనీ. ఫ్రాన్సు రాజు తల ఎందుకు తెగిందో, రష్యాలో జార్ చక్రవర్తి కొంప ఎలా కూలిందో నేను గైడు తెరవకుండా చెప్పగలను. లైబ్రేరియన్ సారు నన్ను నేరుగా అల్మారాల మధ్యకే వదిలేస్తాడు. పుస్తకం ఎక్కడుందో ఒక్కోసారి ఆయనే నన్ను అడుగుతాడు.

ఆ అల్మారాల్లోనే నాకు మూడు భాగాల అనువాద నవల ఒకటి దొరికింది. ఎక్కడా లేని ఒక సామ్రాజ్యం, దాన్నేలే క్రూరుడు, వాడి కింద నలిగే రెండు శత్రు వంశాలు. మొదటి భాగం నిండా ఆ రెండు వంశాలూ ఒకరినొకరు నరుక్కుంటారు. మూడో భాగం తెరిచేసరికి గుర్రాలు పక్కపక్కన పెట్టి రాజు మీదికి పోతుంటారు. మధ్యలో ఎలా కలిశారో రెండో భాగంలో ఉంది. ఆ రెండో భాగం నేను ఎప్పుడు అడిగినా బయటే ఉండేది. అడిగి అడిగి విసుగొచ్చి, నా సామ్రాజ్యం నేనే కట్టుకున్నాను. కట్టిందాన్ని రోజుకింత షెడ్డులో చెప్పడం మొదలుపెట్టాను.

నా సామ్రాజ్యంలో నిప్పు చక్రవర్తిది. ఎవరి పొయ్యిలోనూ పొద్దుగూకాక నిప్పు మిగలకూడదు. తెల్లారి కోట దగ్గర వరుసలో నిలబడి, కుండపెంకులో ఇన్ని నిప్పులు తెచ్చుకుని, వండుకుని, ఆర్పేయాలి. ఎదురు మాట్లాడిన ఊరికి ఆ రోజు నిప్పుండదు. పిల్లలు నానబెట్టిన బియ్యం నములుతూ పడుకుంటారు.

"అగ్గిపెట్టె లేదా మరిదీ, నీ రాజ్యంల?" అని అడిగింది నా పక్క మగ్గం వదిన. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఊరికే వరుస పెట్టుకుని నన్ను ఆట పట్టించడం ఆమె అలవాటు.

"ఇంకా పుట్టలేదు వదినా."

"చెకుముకి రాయన్న ఉంటదిగదా."

"ఆ రాళ్లున్న గుట్టల సుట్టూ సైన్యం కాపలా ఉన్నది."

"అబ్బో, మా మరిది అన్ని తొవ్వలు బందుపెట్టిండు. ఇగ చలన్నమే మనకు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో వాళ్ల నవ్వులన్నీ నావే.

ఆ రాజ్యంలో ఇద్దరు శత్రువులు. ఒకరు గుట్టల రాణి, ఇంకొకరు ఏటి నాయకుడు. రాణి తమ్ముణ్ని ఏటి నాయకుడు చంపాడు. ఏటి నాయకుడి పడవలన్నిటినీ రాణి ఒడ్డు మీదే కాల్చేసింది. ఇద్దరి జనానికీ పొయ్యిలు ఆరిపోయాక, చక్రవర్తి మీదికి ఇద్దరూ కలిసి పోవాల్సిన చోటికి కథ వచ్చింది. అది నేను చాలా శ్రద్ధగా తయారుచేసుకున్న ఘట్టం. ఏటి నాయకుడు నది మధ్యలో ఇసుకతిన్నె మీద నిలబడి, పీడితులంతా ఒక్కటే అని ఉపన్యాసం ఇస్తాడు. రాణి కళ్లనీళ్లు పెట్టుకుని కత్తి కింద పడేస్తుంది. చెబుతుంటే నా ఒళ్లు నాకే పులకరించింది.

చెప్పడం అయ్యాక, తలుపు దగ్గర మగ్గం నుంచి ఒక గొంతు వచ్చింది.

"అన్నా, ఒక మాట అడుగుత, ఏమనుకోవుగదా?"

పరకాల నుంచి కొత్తగా వచ్చిన మనిషి ఆమె. ఇక్కడ అక్క ఇంట్లో ఉండి పనికి వస్తోంది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. చేరి నెల దాటినా ఆమె గొంతు ఎలా ఉంటుందో మాకు సరిగ్గా తెలియదు.

"అడుగు చెల్లె," అన్నాను పెద్దమనిషి లాగా.

"సొంత తమ్మున్ని సంపినోడు ఎదురుంగ నిలబడి నాలుగు మంచి మాటలు చెప్తె, గా రాణి మాఫ్ చేసిందా?"

"ప్రజల కోసం చేసింది."

"ప్రజల కోసం వచ్చింది గావచ్చు. మాఫ్ ఎందుకు చేస్తది?"

"ఔను మరిదీ," అని వదిన అందుకుంది. "నా పెండ్లిల పప్పుల ఉప్పెక్కువైందని మా తోడికోడలు అన్నది. గిప్పటిదాంక నేనే మాఫ్ చెయ్యలె. గామె తమ్మున్ని సంపినోన్ని చేస్తదా?"

షెడ్డంతా గొల్లుమంది. మా అందరికంటే పెద్దవాడు, మగ్గాలకు మనుషుల్ని సర్దే తాత, నన్ను వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

"మరి ఏం చేస్తదంటవు బిడ్డా?"

ఆమె చేతిలో అన్నం డబ్బా మూత ఉంది. దాన్ని తుడుస్తూనే చెప్పింది. "వస్తది తాతా. గుట్ట దిగి వచ్చేటాలకు దూపయితది. ఆయన చెంబుల నీళ్లిస్తడు. ముట్టది. తన నీళ్లు తనే తెచ్చుకుంటది, గుట్ట మీదికెంచి. గవి తాగుకుంటనే అంటది: 'నిన్ను సంపే పని నాకున్నది. గాని ముందుగాల వాని పని చూద్దాం.' గంతే. ఎక్కువ మాట్లాడది."

తాత పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నవాడు పుల్ల అలాగే పట్టుకుని ఉండిపోయాడు. నేను చెప్పిన ఏ ఘట్టానికీ ఆయన పుల్ల ఆగలేదు.

మర్నాడు అన్నాలయ్యాక, వదిన ఆమె మగ్గం దగ్గరికి జరిగి కూర్చుంది. "రాణి నీళ్లు తాగింది. అటెన్క?" అని ఆమెనే అడిగింది. నేను టిఫిన్ డబ్బా తీసుకుని బయట ఆటో నీడలో కూర్చున్నాను. లోపలి మాటలు వినపడని చోటు ఇంకా ఉంది, కానీ అక్కడ ఎండగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. వినపడిన ప్రతి నవ్వునూ అది నేను తెప్పించే నవ్వు కంటే పెద్దదా చిన్నదా అని కొలిచాను. పెద్దదే.

ఆమెకు చదువు రాదని నేను అనుకునేవాణ్ని. ఎందుకనుకున్నానంటే కారణం లేదు, అలా అనుకుంటే హాయిగా ఉండేది. ఆ వారం సెలవురోజు లైబ్రరీకి వెళ్తే, ఫ్యాను కింద నేను రోజూ కూర్చునే కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. చేతిలో పుస్తకం అట్ట చూడగానే గుర్తుపట్టాను. రెండో భాగం.

"మీ షెడ్డులనే పనిచేస్తదట కదా," అన్నాడు లైబ్రేరియన్ సారు నా చెవిలో. "మస్తు చదువుతది. పరకాలలున్నప్పటికెంచి చదువుతనే ఉన్నదట. నాకే తెల్వని పుస్తకాలు అడుగుతాంది."

ఆ చివరి మాట ఆయన నా గురించి అనాల్సింది.

అయినా ఆ రోజు నేను సంతోషంగానే ఇంటికి వెళ్లాను. దొంగ దొరికిందనుకున్నాను. నీళ్ల ముచ్చట ఆమెది కాదు, రెండో భాగంలోంచి ఎత్తుకొచ్చింది! ఆమె తిరిగి ఇచ్చీ ఇవ్వగానే ఆ పుస్తకం తెచ్చుకున్నాను. పేజీల వారీగా చూపించి షెడ్డు ముందు పెట్టాలని ఆత్రంగా చదివాను. అందులో శత్రువులు పెళ్లితో కలుస్తారు. వీళ్ల కొడుకు, వాళ్ల కూతురు. పెద్ద విందు. ఆ నవలలో రాణి పదిరకాల వంటలు తింటుంది. నీళ్ల సంగతే లేదు. ఏమన్నా చూడకుండా దాటేశానేమోనని విందు ఘట్టం మళ్లీ చదివాను. నెమలి మాంసం ఉంది, ద్రాక్ష సారాయి ఉంది, గుట్ట మీది నుంచి మోసుకొచ్చిన నీళ్లు మాత్రం లేవు. అంటే అది ఆమెదే. అచ్చయిన పుస్తకం కంటే ఆమె మాటే బాగుంది. పుస్తకం మూసేసరికి నాకు నిజంగానే కడుపు మండింది.

ఆ మంట చల్లారకముందే తాత మా ఇద్దర్నీ ఒక మగ్గం మీద కూర్చోబెట్టాడు. ఏదో పెద్ద హాలుకు వెడల్పాటి దర్రీ కావాలట. అంత వెడల్పు నేయాలంటే పక్కపక్కన ఇద్దరు కూర్చోవాలి. ఎడమ సగం ఎరుపు, అది ఆమెది. కుడి సగం నీలం, అది నాది. మధ్యలో రెండు రంగులూ పాము నడకలాగా మెలికలు తిరుగుతూ కలుస్తాయి. కలిసిన ప్రతిచోటా నా పోగును ఆమె పోగులో కొక్కెంలా తగిలించి వెనక్కి తిప్పాలి. తగిలించకపోతే అక్కడ చీలిక మిగులుతుంది, దర్రీ రెండు ముక్కలుగా వేలాడుతుంది. అంటే ప్రతి వరుసకూ నేను ఆమె కోసం ఆగాలి, ఆమె నా కోసం ఆగాలి. తాత కావాలనే చేశాడో, మా ఇద్దరి చేతులే ఖాళీగా ఉన్నాయని చేశాడో ఇప్పటికీ చెప్పడు.

నేను మాట్లాడకుండా నేశాను. మాటలన్నీ పంజాలోకి పోయాయి.

ఒక పూట గడిచాక తాత వచ్చి, మా ముందు నేసిన అంచు మీద సన్నటి కర్ర అడ్డంగా పెట్టాడు. కర్ర ఆమె వైపు ఆనింది, నా వైపు గాల్లో ఉండిపోయింది. ఇద్దరం అన్నే వరుసలు వేశాం. కానీ నేను కొట్టిన కొట్టుడుకు నా పోగులు ఒకదాని మీద ఒకటి అణిగిపోయి, నా సగం వెనకబడింది. మధ్యలో పాము మెలిక ఒక వైపుకు వంకరపోయింది.

"ఎవన్ని కొడ్తానవురా?" అన్నాడు తాత. "పోగునైతే కాదు."

పక్క మగ్గం నుంచి వదిన తొంగి చూసింది. "మా మరిది సక్రవర్తిని కొడ్తాండు తాతా, కనవడ్తలేదా?"

"సక్రవర్తైతే మంచిగనే ఉన్నడు. విప్పుండ్రి ఇద్దరు," అని తాత వెళ్లిపోయాడు.

కొక్కేలు పడి ఉన్నాయి కాబట్టి నాది ఒక్కటే విప్పితే కుదరదు, ఆమె కూడా విప్పాలి. ఆమె నేత తిన్నగా ఉంది, అయినా విప్పుతోంది. ఏమన్నా అంటుందని ఎదురుచూశాను. నాలుగు వరుసలు విప్పింది. తర్వాత పోగు లాగుతూ నిమ్మళంగా అడిగింది.

"అన్నా, పుస్తకంల నీళ్ల ముచ్చట దొరికిందా?"

నేను రెండో భాగం తీసుకున్నానని సారు ఆమెకు చెప్పేశాడన్నమాట.

"దొరకలె," అన్నాను.

"దొరకది. గది మా అమ్మమ్మది. అన్నదమ్ముల పాలోళ్లతోని భూమి కాడ కొట్లాట, నెత్తులు పలిగినయి. అటెన్క కాలువ కోసం అందరు కలిసి ఆఫీసు సుట్టు తిరగాల్సొచ్చింది. మా అమ్మమ్మ రోజు వాళ్ల వాకిట్లకు పొయ్యేది, సర్వ గిన్నెల తన నీళ్లు పట్టుకొని. వాళ్ల నీళ్లు మాత్రం ముట్టకపోయేది. నువ్వు సూడలేదా గసుంటియి?"

చూశాను. మా నాయన, మా పెద్దనాయన గోడ పంచాయితీ తర్వాత ఒకరి ఇంట్లో ఒకరు నీళ్లు ముట్టలేదు. చుట్టాల పెళ్లికి ఒకే బండిలో పోయారు, ఎవరి చెంబు వాళ్లు ఒళ్లో పెట్టుకుని. నేను ఆ ఇద్దరి మధ్యే కూర్చున్నాను. కళ్లారా చూసిందాన్ని నా సామ్రాజ్యంలోకి రానివ్వొచ్చని నాకు తోచలేదు. అక్కడ నేను ఫ్రాన్సు రాజును కూర్చోబెట్టాను. ఆమెకు తోచింది. ఒకరు మనకంటే ఎక్కువ చూసి ఉంటే ఓర్చుకోవచ్చు. మనం చూసిందే చూసి, మనకు దొరకనిది దొరికించుకుంటే ఎలా ఓర్చుకోవడం?

విప్పింది మళ్లీ నేయడం మొదలుపెట్టాక ఆమె ఇంకో మాట వదిలింది. "గ్రంథాలయ వారోత్సవాలల్ల పాఠకులు కథ చెప్పాలెనట. సారు నన్ను చెప్పమన్నడు."

నా చేతిలో పోగు జారింది. ఏటా నవంబరులో ఆ వారోత్సవాలకు వెనక కుర్చీలో కూర్చుని, ఎవరెవరో మైకులో మాట్లాడుతుంటే విని వచ్చేవాణ్ని. ఏదో ఒక ఏడు సారు నన్ను పిలుస్తాడని నేను ఎవరికీ చెప్పకుండా ఆశపెట్టుకున్నాను. అన్ని అల్మారాలు చదివిన నన్ను కాదని, నిన్నగాక మొన్న వచ్చిన మనిషిని పిలిచాడు.

"మంచిది," అన్నాను. వంగి పోగు తీసుకున్నాను.

"ఏం మంచిది? నీ రాజ్యం లేకుంట నేనేం చెప్పాలె? కోట యాడున్నదో, ఏరు ఎటు పారుతదో, సైన్యం ఏ దారిల వస్తదో నాకు తెల్వది. నువ్వు కూడ రా. సారుకు చెప్పిన."

ఆ మాటకు నేను కరిగిపోలేదు. బేరం మొదలుపెట్టాను. రాజ్యం వర్ణన, చక్రవర్తి, ఏటి నాయకుడు నావి. రాణి ఆమెది. దానికి ఇద్దరం ఒప్పుకున్నాం. చిక్కంతా ముగింపు దగ్గర వచ్చింది. నా ముగింపులో మహాయుద్ధం ఉంది. ఇద్దరి సైన్యాలూ కోట మీద పడతాయి, ఏటి నాయకుడు చక్రవర్తి తల నరుకుతాడు.

"నరికితె ఇంకోడు కూసుంటడు," అంది ఆమె పోగు తగిలిస్తూ. "నువ్వు చదివిన దేశాలల్ల కూసోలేదా?"

కూర్చున్నారు. నేను కొక్కెం వేశాను.

"మరి నీదేంది?" అన్నాను.

"పొద్దుగూకినంక సిపాయిలు ఇండ్లల్ల నిప్పు ఎతుకుతరుగదా. గుట్టల నిప్పు గుట్టల్ల ఎతుకుతరు, ఏటి నిప్పు ఏటి కాడ ఎతుకుతరు. గుట్టలోళ్లు తమ నిప్పు తీస్కపోయి ఏటోళ్లు కొత్తగ కట్టుకున్న పడవలల్ల దాస్తరు. ఏటోళ్లు తమది గుట్టల్ల దాస్తరు. పగోని ఇంట్ల పగోని నిప్పు ఉంటదని ఎవడనుకుంటడు? ఒకల నిప్పు ఒకల చేతిల ఉన్నది, ఆర్పితె ఇద్దరిది పోతది. గట్ల కొన్నొద్దులైతె కోట కాడ లైనుల నిలబడేటోడే ఉండడు. నిప్పు అడిగేటోడు లేకుంటె వాడేం సక్రవర్తి?"

నేను నేత ఆపేశాను. నా రాజ్యంలో, నా శత్రువుల మధ్య, నేను కొలిచిన గుట్టకూ నేను పారించిన ఏటికీ నడుమ అది మొదటి నుంచీ ఉంది. నేను ఏళ్ల తరబడి అటూ ఇటూ తిరిగాను, చూడలేదు. ఆమె ఎర్ర పోగు చేతిలో పట్టుకుని ఉట్టిగా కూర్చుని చూసింది.

"ఆ ముక్క నేను చెప్త," అన్నాను చివరికి. "ముగింపు నాది. రాజ్యం నాదిగదా."

ఆమె తన ఎర్ర పోగును నా పోగుకు తగిలించింది. "చెప్పు," అంది. అంత తేలిగ్గా ఇచ్చేసిందని కూడా నాకు కోపం వచ్చింది.

వారోత్సవాల రోజు లైబ్రరీ హాల్లో పోటీ పరీక్షల పిల్లల్ని గోడల వైపు జరిపి, ముందు బడి పిల్లల్ని కూర్చోబెట్టారు. వెనక రిటైరైన సార్లు. మా వాళ్లు కూడా పని ఆపి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నేను కోటను కట్టాను, ఏరు పారించాను, పొయ్యిలు ఆర్పాను. ఆమె రాణిని గుట్ట దించి, చెంబు ముట్టనివ్వలేదు. ఆ చోట హాలు నిశ్శబ్దమైంది. నేను ఏటి నాయకుడి మాటలు చెప్పాలి, కానీ ఆ నిశ్శబ్దాన్ని కొలుస్తూ ఒక క్షణం ఆలస్యం చేశాను. చివర నిప్పు దాచే ముచ్చట నేను చెప్పాను. బాగా చెప్పాను, ఆ మాట అబద్ధం కాదు. చప్పట్లు నా వైపే వచ్చాయి.

ఒక పెద్దసారు లేచి నిలబడ్డాడు. "శత్రువు ఇంట్లో నిప్పు దాచడం! బాబూ, నీ ఊహకు జోహారు. ఇది ఎట్లా తట్టింది నీకు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపలే పక్కనుంచి వినిపించింది. "సార్, గది నేను చెప్పింది."

మైకు నా చేతిలో ఉంది. "రాజ్యం నాది సార్," అన్నాను.

"రాజ్యం నీదే. నేను కాదన్ననా? నిప్పు దాసుడు నాది."

"నా ఏరు లేకుంటె యాడ దాస్తవ్?"

"నీ ఏటినిండ ఉపన్యాసాలే ఉండె అన్నా. పడవలు పెట్టింది నేను!"

"పడవలు నావే! నీ రాణి కాల్చింది!"

బడి పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. కథకు పడినన్ని చప్పట్లు మా కొట్లాటకూ పడ్డాయి. తలుపు దగ్గర నుంచి వదిన "జర మైకు ఆమెకియ్యి మరిదీ!" అని అరిచింది. లైబ్రేరియన్ సారు ఇద్దరి మధ్యకు వచ్చి నవ్వుతూ నాకు శాలువా కప్పాడు, ఆమె చేతిలో కొత్త పుస్తకం పెట్టాడు. గట్టి అట్ట, ఇంకా ఎవరూ తెరవని పేజీలు. నేను ఆ శాలువా ఏం చేసుకోను? ఇంటికి పోయేదాకా ఆ పుస్తకం వాసనే ఊహించుకున్నాను.

ఆ తర్వాత షెడ్డులో ఇద్దరం కలిసి చెప్పడం అలవాటైంది. చక్రవర్తి పోయాడు కానీ మావాళ్లు కథను పోనివ్వలేదు. ఇప్పుడు ఆ ఇద్దరు శత్రువులు ఏం చేస్తారని అడిగారు. నేను ఒక మాటంటే ఆమె ఒక మాటనేది. వింటున్నవాళ్లు ఎవరి మాటకు ఎంత నవ్వారో నేను లెక్క మానుకోలేదు.

మొన్న ఆమె పరకాలలో చుట్టాల ఇంట్లో శుభకార్యానికి వెళ్లింది. చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం పూర్తిగా నా చేతికొచ్చింది. పొద్దున్నుంచీ ఘట్టం సిద్ధం చేసుకున్నాను. ఏటి నాయకుడు గుట్ట ఎక్కుతాడు. చక్రవర్తి లేడు కాబట్టి ఇక దాచుకోవడాలు అక్కర్లేదు, నీ నిప్పు నీకిస్తాను, నా నిప్పు నాకివ్వు అంటాడు. రాణి రెండు చేతులా నిప్పుల కుండ అందించి, ఇన్నాళ్లు కాపాడినందుకు కృతజ్ఞతలు చెబుతుంది.

వదిన తల అడ్డంగా ఊపింది. "గది రాణి మాట కాదు మరిదీ. నీ మాట."

"రాణి మాట ఎట్లుంటదో నాకు తెల్వదా? పుట్టించింది నేను."

"పుట్టిచ్చినవు. సాదలేదుగదా."

అందరూ నవ్వుతుంటే తాత జేబులోంచి ఫోను తీశాడు. వద్దంటున్నా వినకుండా ఆమెకు కలిపి, స్పీకరు పెట్టి మగ్గం పలక మీద ఉంచాడు. అవతల బస్సు రొద, ఎవరో పిల్ల ఏడుపు. తాత గట్టిగా అరిచి సంగతంతా చెప్పాడు. "నిప్పు తిరిగియ్యి అంటాండు బిడ్డా నాయకుడు. మీ రాణి ఏమంటది?"

కొంచెం సేపు బస్సు మోత ఒక్కటే వినిపించింది. ఆమెకు తోచకపోతే బాగుండునని నేను అనుకున్నాను. అంత గట్టిగా ఈ మధ్య ఏదీ అనుకోలేదు.

"ఇయ్యనంటది తాతా," అని వినిపించింది ఫోనులో. "ఉండనియ్యి అంటది. నీ నిప్పు నా ఇంట్ల ఉన్నన్నొద్దులు నువ్వు కత్తి పట్టుకొని నా గుట్ట ఎక్కవు అంటది. ... అన్నకు చెప్పుండ్రి, గుట్ట దిగేటప్పుడు నాయకుడు ఏమంటడో గా మాట అన్నదే."

ఫోను కట్టయింది. తాత చేతులు దులుపుకుని లేచాడు, ఒక్కొక్కరే మగ్గాల దగ్గరికి పోయారు, పంజాలు మోగడం మొదలైంది. గుట్ట దిగుతూ ఏటి నాయకుడు ఏమంటాడో చెప్పాల్సింది నేను. నాకు ఏమీ తట్టలేదు. ఆమె అన్న మాటనే లోపల మళ్లీ మళ్లీ తిప్పుకుంటూ, ఒక్కసారైనా అది నా నోట్లోంచి ముందు వచ్చి ఉంటే ఎలా ఉండేదో అనుకుంటూ, ఖాళీ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను.